ఇతరులు పెట్టిన పేర్లు: జెంటూ నుంచి కామాఠీ దాకా

1

ప్రతి భాషాసమాజానికీ రెండు రకాల పేర్లుంటాయి. తనను తాను పిలుచుకునే పేరు ఒకటి. పొరుగువారో, పాలకులో, రేవుల్లో దిగిన వర్తకులో పిలిచే పేరు మరొకటి. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం మొదటిదాన్ని స్వనామం అనీ, రెండోదాన్ని పరనామం అనీ అందాం. ఈ రెండూ ఒకటి కావడం అరుదు. తమను తాము ‘డాయిచ్’ అనుకునే ప్రజలను ఇంగ్లీషువారు ఒకప్పుడు ఆల్మేన్‌లన్నారు, ఇప్పుడు జర్మన్లంటున్నారు. రష్యన్లు వారిని ‘నేమెత్స్’ అంటారు. ఆ మాటకు మూలార్థం మూగవాడు, అంటే మన భాష రానివాడు. ‘డాయిచ్’కు సోదరపదమైన ‘డచ్’ను ఇంగ్లీషువారు తీసుకుపోయి హాలండు వారికి అంటగట్టారు. బ్రిటన్ దీవిలో ముందునుంచీ ఉన్న వేల్స్ ప్రజలను తరవాత వచ్చిన ఆంగ్లో-సాక్సన్లు ‘వెల్ష్’ అన్నారు. దాని మూలార్థం పరాయివాడు. స్వదేశంలో ఉన్నవాడికి పరాయివాడన్న పేరు స్థిరపడిపోయిందన్న మాట.

తెలుగువారికి పడిన పరనామాలు తక్కువేమీ కావు. తమిళులు మనను వడుగులన్నారు, అంటే ఉత్తరాదివారు. పోర్చుగీసు పాద్రీలు ఆ మాటనే ‘బడగ’ చేసుకున్నారు. మద్రాసులోని ఇంగ్లీషువారు జెంటూలన్నారు. బెంగాలు, హిందూస్థానాల్లో తెలింగాలన్నారు. మలయా రేవుల్లో కెలింగ్, రంగూనులో కోరంగీ, బొంబాయిలో కామాఠీ అన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులకు ఈ పట్టిక కేవలం పాండిత్యానికి సంబంధించిన సరుకు కాదు. ఇందులో చివరి పేరు మీలో చాలామంది తాతముత్తాతలు మోసిన పేరు. ఆ పేరుతో ఉన్న పేట పేరు చెప్పడానికి నేటికీ సంకోచించే కుటుంబాలున్నాయి. ‘ఆ పేరు మార్చేస్తే పోదా?’ అని తరగతిలో అడిగిన విద్యార్థులూ ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అసలు పరనామాలు ఎలా పుడతాయో, వాటి అర్థాలు ఎలా మారతాయో ముందు తెలియాలి. అందుకు ఇంగ్లీషులో ఉన్న ప్రధానమైన ఆకరగ్రంథాన్ని, దాని బలాన్ని, దాని లోపాన్ని పరిశీలించి, ఆ వెలుగులో కామాఠీ పదం దగ్గరకు రావడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

ఆ గ్రంథం ‘హాబ్సన్-జాబ్సన్’. హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ కూర్చిన ఈ ఆంగ్లో-ఇండియన్ పదకోశం 1886లో వెలువడింది. విలియం క్రుక్ పెంచి దిద్దిన రెండో ముద్రణ 1903లో వచ్చింది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణభారత లిపుల మీద పుస్తకం రాసిన పండితుడు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 1882లోనే మరణించాడు. పుస్తకం పేరే ఒక పాఠం. మొహర్రం ఊరేగింపులో ‘యా హసన్, యా హుస్సేన్’ అన్న పిలుపును ఇంగ్లీషు సోల్జర్ల చెవి ‘హాబ్సన్-జాబ్సన్’ అని విన్నది. పరాయి ధ్వనులను తనకు అలవాటైన ధ్వనుల్లోకి ఒదిగించుకోవడం ఏ చెవికైనా సహజమే. ఆ సంగతిని కూర్పరులు తమ పుస్తకానికి నుదుటి రాతగా పెట్టుకోవడం వారి రసికతకు గుర్తు.

ఈ కోశం గొప్పతనం దాని పద్ధతిలో ఉంది. ఒక మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ మాట ఏ సంవత్సరంలో ఎవరి రాతలో ఏ రూపంలో కనిపించిందో వరసగా ఉదాహరిస్తుంది. అర్థం ఎప్పుడు మారిందో పాఠకుడు తన కళ్లతో చూడవచ్చు. మన నిఘంటువుల్లో ఈ చారిత్రక పద్ధతి చాలాకాలం లోపించింది కనుక, తెలుగు విద్యార్థి దీన్ని ఒక్కసారయినా శ్రద్ధగా చదవాలి. అయితే ఏ పుస్తకమైనా తాను వినదలచుకున్న గొంతులనే వింటుంది. దీని చెవి ఓడరేవుల మీద, కంపెనీ కచేరీల మీద, దండు మీద ఉంది. పేరు పెట్టినవాడి నోట ఆ పేరు ఎలా నడిచిందో చెబుతుంది. పేరు పడినవాడు దాన్ని ఎలా విన్నాడో, ఎలా మోశాడో చెప్పదు. ‘జెంటూ’ అన్న ఒక్క ఆరోపం తీసుకుంటే ఈ రెండు సంగతులూ తేలిపోతాయి.

3

జెంటూ అన్నది పోర్చుగీసు ‘జెంటియు’ నుంచి వచ్చింది. క్రైస్తవేతరుడు, అన్యమతస్థుడు అని దానికి అర్థం. పోర్చుగీసువారికి ఇండియాలో ఎదురైన జనం రెండు రకాలు. ఒకరు ‘మోరు’లు, అంటే ముస్లిములు. ఉత్తర ఆఫ్రికాలోని మారిటేనియా ప్రజలకు చెందిన పేరది, దాన్ని తూర్పు సముద్రాల దాకా లాక్కొచ్చారు. రెండోవారు మిగిలినవారందరూ, వారే జెంటియులు. ఇంగ్లీషువారు ఈ మాటను అందిపుచ్చుకుని జెంటూ చేసుకున్నారు. బెంగాలులో దానికి హిందువు అన్న విశాలార్థమే నిలిచింది. 1776లో నథానియేల్ బ్రాసీ హాల్‌హెడ్ ప్రకటించిన ‘జెంటూ ధర్మశాస్త్రం’లోని జెంటూలు తెలుగువారు కారు, హిందువులు. మద్రాసులో మాత్రం అదే మాట తెలుగువారికీ తెలుగు భాషకూ పరిమితమయింది. అర్థవిపరిణామ పాఠంలో చీర అన్న మాటను చదువుకున్నాం కదా. ఒకప్పుడు ఏ బట్టకయినా చెల్లిన మాట ఇప్పుడు ఆడవారు కట్టుకునే బట్టకే మిగిలింది. జెంటూ విషయంలో మద్రాసులో జరిగింది అలాంటి అర్థసంకోచమే.

ఎందుకు జరిగింది? పోర్చుగీసువారు వచ్చేనాటికి దక్షిణాపథంలో ఎక్కువ భాగం మీద విజయనగరపు తెలుగు ప్రభుత్వం ఉండటమే బహుశా కారణమని హాబ్సన్-జాబ్సన్ ఊహ. ఈ ఊహ మన చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని అది నిలవదని నా అభిప్రాయం. కారణాలు రెండు. మొదటిది: విజయనగర సైన్యంలోని తెలుగువారికి పోర్చుగీసువారి దగ్గర వేరే పేరు ఉంది. 1544లో ముత్యాల తీరంలోని పరవలపై దాడి చేసినవారిని ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరాల్లో ‘బడగ’లనే అన్నాడు. తెలుగువాడిని ప్రత్యేకించి చెప్పడానికి పోర్చుగీసువారికి జెంటియు అవసరం పడలేదు. రెండోది: విజయనగరమే కారణమైతే ఈ సంకోచం అన్నిచోట్లా జరగాలి. అది జరిగింది మద్రాసు ఇంగ్లీషులో.

కనుక కారణాన్ని మద్రాసులోనే వెతకాలి. 1639లో కంపెనీకి ఆ చోటు దక్కింది దామర్ల నాయకుల ద్వారా. కంపెనీతో మొదటి తరాల్లో పెద్ద వ్యాపారం నడిపిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న తెలుగువారు. పట్నంలో ప్రధానంగా వినిపించే దేశభాషలు రెండు, తమిళం, తెలుగు. తమిళానికి అప్పటికే ‘మలబారు’ అన్న పేరు పడిపోయింది. పడమటి తీరం పేరును తూర్పు తీరపు భాషకు పెట్టడం వింతే గాని, పెట్టారు. ముస్లిములకు మోర్లు అన్న పేరు ఉండనే ఉంది. ఇక మిగిలిన పేరు జెంటూ, మిగిలిన జనం తెలుగువారు. మాటకు విలువ దానిలో మాత్రమే ఉండదు, దాని పక్కన ఏ మాటలున్నాయన్న దాన్నిబట్టి ఉంటుందని సొస్యూర్ చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. జెంటూకు తెలుగు అన్న అర్థం వచ్చింది రాయల వైభవం వల్ల కాదు, పక్కన మలబారు అన్న మాట కూచోవడం వల్ల. హాబ్సన్-జాబ్సన్ ప్రతి మాటనూ విడిగా తీసి దాని వంశవృక్షం గీస్తుంది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బతుకుతాయన్న సంగతి ఆ పద్ధతికి అందదు.

జెంటూ అన్న మాటలో నిందను చూసి బాధపడేవారు ఇంకో సంగతి గమనించాలి. పోర్చుగీసు జెంటియుకు తల్లివేరైన లాటిన్ ‘జెంటిలిస్’కు మొదటి అర్థం ఒకే వంశానికి చెందినవాడు అని. చర్చి భాషలో అది ‘ఇతర జాతులవాడు’ అయి అన్యమతస్థుడయింది. అదే మాట ఫ్రెంచి దారిన నడిచి సద్వంశీకుడయి, ఇంగ్లీషులో ‘జెంటిల్’ అయింది. మద్రాసు వీధిలో జెంటూ అని పిలవబడినవాడూ, పిలిచిన జెంటిల్‌మనూ ఒకే ధాతువు బిడ్డలు! వ్యుత్పత్తిని చూసి గౌరవమో అవమానమో నిర్ణయించడం ఎంత ప్రమాదమో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అవమానం ధాతువులో ఉండదు, వాడుకలో ఉంటుంది.

ఈ పేరు ఎలా పోయింది? 1817లో మద్రాసులో విలియం బ్రౌన్ రాసిన వ్యాకరణం పేరులో ఇంకా జెంటూ భాష అనే ఉంది. అంతకు ఒక సంవత్సరం ముందు, 1816లో, ఎ. డి. క్యాంబెల్ వ్యాకరణం వచ్చింది. దాని ముఖపత్రం మీద తెలుగు అన్న స్వనామం ముందు ఉంది, ‘సాధారణంగా జెంటూ అనబడేది’ అన్న వివరణ వెనక ఉంది. ఈ క్రమం చిన్న విషయం కాదు. క్యాంబెల్ పుస్తకం వెనుక 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల ఉంది. అక్కడ తెలుగు బోధించిన పట్టాభిరామశాస్త్రి ధాతుపట్టికలున్నాయి. బందరు పండితుడు మామిడి వెంకయ్య 1806లో ముగించిన ‘ఆంధ్రదీపిక’ ఉంది. దక్షిణాది భాషలు సంస్కృతం బిడ్డలు కావని నిరూపించిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ వ్యాసం అచ్చయింది ఆ వ్యాకరణంలోనే. 1856లో కాల్డ్వెల్ రాసేనాటికి జెంటూ గత తరం మాట అయిపోయింది. ఇవాళ ఇంగ్లీషులో ఆ మాట బతికి ఉన్నది దక్షిణ సముద్రాల్లోని ఒక రకం పెంగ్విన్ పేరులో. ఎవరూ ఉద్యమం చేయలేదు, అర్జీ పెట్టలేదు. పుస్తకం తయారయ్యే గదిలోకి ఆ భాష మాట్లాడేవారు వచ్చి కూచున్నారు. స్వనామం ముఖపత్రం ఎక్కింది. పరనామం తనంత తాను రాలిపోయింది.

4

మిగిలిన పరనామాలకు ఇంత అదృష్టం పట్టలేదు. వాటి నడక కొంచెం చూద్దాం.

తెలింగా అన్నది మన స్వనామానికి దగ్గరి మాటే. పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో క్లైవు కాలాన మద్రాసునుంచి సిపాయిలను బెంగాలుకు తీసుకుపోయారు. యూరపు పద్ధతిలో కవాతు చేసే దేశీ సిపాయి అక్కడివారికి కొత్త. వచ్చిన దేశాన్నిబట్టి అతన్ని తెలింగా అన్నారు. తరవాత అవధ్, బీహారు ప్రాంతాలవారు సైన్యంలో నిండిపోయినా పేరు మారలేదు. 1857లో ఢిల్లీ చేరిన పురబియా సిపాయిలను అక్కడి ఉర్దూ రాతలు ‘తిలంగే’ అన్నాయి. తెలుగు ముక్క రాని వేలమంది తెలుగువారయ్యారు. నువ్వులనుంచి తీసిన నూనె పేరు అన్ని నూనెలకూ చెల్లినట్టు, ఇది అర్థవ్యాకోచం. దేశం పేరు వృత్తి పేరయింది.

కెలింగ్, ఇంగ్లీషులో క్లింగ్, కళింగం నుంచి వచ్చింది. ప్రాచీనకాలంలో తూర్పు తీరంనుంచి మలయా దీవులకు వెళ్లిన ఓడల గౌరవం ఆ మాటలో ఉంది. మలక్కాలో 1748లో కట్టిన మసీదు పేరు నేటికీ కంపుంగ్ క్లింగ్ మసీదే. కాని తోటల కూలీలుగా దక్షిణాదివారు వెళ్లిన కాలంలో ఆ మాట వాసన మారింది. ఇప్పుడు మలేషియాలో అది తిట్టు. తగిలేది ఎక్కువగా తమిళులకు. కంపు అన్న మాట ఒకప్పుడు ఏ వాసనకయినా చెల్లేది, ఇప్పుడు చెడు వాసనకే చెల్లుతుంది. అర్థగ్రామ్యతకు మన పాఠాల్లో ఇచ్చే ఉదాహరణ ఇది. కెలింగ్‌ది అదే దారి.

కోరంగీ గోదావరి జిల్లాలోని కోరంగి రేవు పేరు. ఆ రేవునుంచి ఓడెక్కి రంగూను చేరిన కూలీలందరూ కోరంగీలయ్యారు. ఎక్కడ పుట్టారన్నది కాదు, ఎక్కడ ఓడెక్కారన్నది పేరయింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన కల్లోలం ఆ పేరును నెత్తుటితో తడిపింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. బర్మాలోని మాన్ జాతిని బర్మీయులు ‘తలైంగ్’ అనేవారు. అది తెలింగ నుంచి వచ్చిందని ఆర్థర్ ఫేర్ భావించాడు. కాదు, మాన్ భాషలో తొక్కబడినవాడు అని అర్థమని ఇతరులు వాదించారు. మొదటిది నిజమైతే మన ప్రాచీన నౌకాయానానికి కీర్తి, రెండోది నిజమైతే బర్మా రాజులకు కీర్తి. మాన్ ప్రజలకు ఆ పేరే ఇష్టం లేదు. వారి స్వనామం మాన్. వ్యుత్పత్తి వాదాల్లో తరచు ఇదే జరుగుతుంది. పేరు మోసేవాణ్ణి తప్ప అందరినీ సంప్రదిస్తారు.

5

ఇంతవరకు మనం పేరు పడినవాళ్లం. పేరు పెట్టినవాళ్లం కూడా. ఈ సంగతి మరిచిపోతే విమర్శ ఒంటికాలి నడక అవుతుంది. మన పాత రాతల్లో పోర్చుగీసువారు బుడతకీచులు, డచ్చివారు వలందులు, ఫ్రెంచివారు పరాసులు. బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. బుడతకీచు అన్న మాటలో ‘బుడత’ వినిపించి పొట్టివాళ్లేమో అనుకునే పాఠకులుంటారు. అది కేవలం మన చెవి చేసిన హాబ్సన్-జాబ్సన్. ఫ్రాంకు జాతి పేరు పారశీకం మీదుగా ఫిరంగి అయి తెల్లవాడికి వర్తించి, చివరకు వాడు తెచ్చిన తుపాకీగొట్టానికి స్థిరపడింది. తుర్కు అన్న జాతినామాన్ని తురక చేసి, తుర్కులతో ఏ సంబంధమూ లేని పక్కింటి తెలుగు ముస్లిముకు పెట్టాం. అరవ అన్న పేరుకు అర్థం లేని గోల అని ఉబుసుపోక వ్యుత్పత్తి చెప్పుకుని నవ్వుకున్నాం. అది అరువానాడు పేరునుంచి వచ్చిందని చెప్పినా నవ్వు ఆగదు.

బొంబాయి తెలుగులో ఈ సముద్రపు వ్యాపారం ఇంకా వినిపిస్తుంది. నెల జీతాన్ని ఇక్కడివారు పగారు అంటారు. మరాఠీద్వారా వచ్చిన ఆ మాట పోర్చుగీసు. బటాటా పోర్చుగీసు, పావు పోర్చుగీసు. తాపీపని పెద్దను మనం ఎక్కడున్నా మేస్త్రి అంటాం, అదీ పోర్చుగీసే. మనకు జెంటియు అని పేరు పెట్టిన భాషే మన మేస్త్రికి పేరు ఇచ్చింది. మొదటిదాన్ని వదిలేశాం, రెండోదాన్ని సొంతం చేసుకున్నాం.

6

ఇక కామాఠీ. ఈ మాట ఇంగ్లీషువారి నోట పుట్టింది కాదు. మరాఠీవారి నోట, దక్కనీ ఉర్దూ నోట నడిచి, ఇంగ్లీషు కాగితాల్లోకి ఎక్కింది. కనుక యూల్, బర్నెల్ పద్ధతి ఒక్కటే ఇక్కడ చాలదు. ధ్వనుల సాక్ష్యం చూడాలి.

దీని వ్యుత్పత్తిగా చెప్పదగినవి రెండు. ఒకటి మన ‘కమతం’. కమతం అంటే సొంత సేద్యం. కమతగాడు అంటే ఆ సేద్యంలో పనిచేసే పాలేరు. తెలంగాణ పల్లెలనుంచి వచ్చినవారు కనుక ఈ వ్యుత్పత్తి మనసుకు నచ్చుతుంది. కాని ధ్వనులు ఒప్పుకోవు. కమతంలో హ్రస్వమైన అకారం, దంత్యమైన తకారం ఉన్నాయి. కామాఠీలో రెండు దీర్ఘాలూ, మూర్ధన్యమైన మహాప్రాణమూ ఉన్నాయి. త ఠగా ఎందుకు మారిందో చెప్పలేం. పైగా బొంబాయి కామాఠీ చేసింది సేద్యం కాదు. మట్టి మోశాడు, రాయి కొట్టాడు, గోడ కట్టాడు.

రెండోది ‘కామ్’, అంటే పని. సంస్కృత కర్మ, ప్రాకృత కమ్మ, మరాఠీ కామ్. ఈ మార్పు నియమబద్ధం. చివరి ‘ఆఠీ’ ఎక్కడిది? మహారాష్ట్రీ మరాఠీ అయినప్పుడు ష్ట్ర అన్న సంయుక్తం ఠ అయింది. మరాఠీ అన్న మాట ఎదుటే ఉండగా, ఆ అచ్చులో పోసిన మాట కామాఠీ అని నేననుకుంటాను. ఇక్కడివాడు మరాఠీ, పనికొచ్చినవాడు కామాఠీ. తెలుగులోని కామాటి, అంటే మట్టిపని చేసే కూలీ, ఈ మాట రూపమే. అరువు మాటల్లో మహాప్రాణాన్ని వదిలెయ్యడం తెలుగు వాడుకకు సహజం. లేని మహాప్రాణాన్ని మరాఠీ తెచ్చిపెట్టుకుందనడం కంటే, ఉన్నదాన్ని తెలుగు వదిలేసిందనడం సులువు. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపురా ఉందన్న సంగతిని కూడా మరవకూడదు. అంటే ఇది బొంబాయి ఒక్కటే పుట్టించిన మాట కాదు. దక్కను నగరాల మాట.

ఈ వాదం నిలిస్తే కామాఠీకి అర్థం పనివాడు. అంతకు మించి ఏమీ లేదు. జెంటూ మతాన్నిబట్టి పెట్టిన పేరు, కోరంగీ రేవునుబట్టి పెట్టిన పేరు, కామాఠీ పనినిబట్టి పెట్టిన పేరు.

ఆ పేరు ఒక కులానిది కాదు. మున్నూరుకాపు, పద్మశాలి, గొల్ల, మాల, మాదిగ, ఇలా ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కని కులాలన్నిటికీ బొంబాయి వేసిన ఉమ్మడి ముద్ర. ప్రెసిడెన్సీ గెజెటీర్లు మాత్రం దాన్ని కులంలాగే వరసలో చేర్చాయి. పేరు పెట్టేవాడికి తేడాలు కనిపించవు. కాని ఆ గుడ్డితనంలోంచి ఒక కొత్త సంగతి పుట్టింది. ఊళ్లో లేని ఐక్యత పరాయి ఊళ్లో, పరాయి పేరు కింద కొంత ఏర్పడింది. 1873లో జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజం స్థాపించినప్పుడు దానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కారాడి లింగూ, వ్యంకూ బాలోజీ కాలేవార్, నర్సింగరావ్ సాయిబూ వడ్నాల వంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. ఈ పేర్లనొకసారి పైకి చదవండి. వెంకయ్య వ్యంకయ్య అయ్యాడు. ఇంటిపేరు చివర ‘వార్’ చేరింది. మహారాష్ట్రలో ఎందరో తెలుగువారి ఇంటిపేర్ల చివర నిలిచిన ఈ ‘వార్’, ‘ఫలానావారు’ అన్నప్పటి మన ‘వారు’. బొంబాయి మనను కామాఠీ అంటూ ఉంటే, మన బహువచన గౌరవం మరాఠీ ఇంటిపేర్లలోకి చడీచప్పుడు లేకుండా దూరింది.

7

కామాఠీపురా చరిత్ర పేరులోనే ఉంది. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటును అడ్డుకున్నాక, బొంబాయి దీవుల మధ్య మురుగుపల్లం నివాసయోగ్యమయింది. అక్కడ గుడిసెలు వేసుకున్న తెలుగు పనివారిని బట్టి అది కామాఠీపురా. గల్లీలకు పేర్లు కూడా లేవు, నంబర్లే. ఊరిని కట్టినవాడికి ఊరు అంకెలే ఇచ్చింది.

పేట పేరు మరో అర్థాన్ని ఎలా పొందింది? అశ్వినీ తాంబే 2009లో ప్రకటించిన పరిశోధన గ్రంథం వలసపాలన చివరి రోజుల బొంబాయిలో వ్యభిచార నియంత్రణను వివరంగా చర్చించింది. పంతొమ్మిదో శతాబ్ది చివరనుంచి పోలీసు యంత్రాంగం ఆ వృత్తిని కొన్ని వీధుల్లోకి నెట్టి, అక్కడే ఉంచి, కనిపెట్టి ఉండే పద్ధతి అనుసరించింది. యూరపు స్త్రీలుండే వీధికి ‘సఫేద్ గల్లీ’ అన్న పేరు పడింది కూడా ఇక్కడే. అంటే ఆ అర్థం కామాఠీలు తెచ్చింది కాదు, పాలన తెచ్చింది. కాని మాట చరిత్ర న్యాయస్థానం కాదు. 1972లో వచ్చిన ‘గోల్‌పిఠా’తో నామ్‌దేవ్ ఢసాల్ ఆ ప్రాంతపు బతుకును మరాఠీ కవిత్వం నడిబొడ్డుకు తెచ్చాడు. 2022లో ఒక పెద్ద హిందీ చలనచిత్రం ఆ పేట పేరును దేశదేశాలకు వినిపించింది. ఇవాళ ప్రపంచంలో ఎవరికైనా కామాఠీపురా అంటే ఒకటే అర్థం. పనివాడి పేరు ఆ అర్థం కింద పూడిపోయింది. స్థలనామంలో అర్థగ్రామ్యతకు ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక విద్యార్థుల ప్రశ్న. పేరు మార్చాలా? మార్చాలనేవారి బాధ నిజమైనది. పెళ్లిసంబంధానికి వచ్చినవారికి చిరునామా చెప్పలేని కష్టాన్ని పుస్తకాలు చూపించి తేలిక చేయకూడదు. ఆ కష్టం తెలుగు ఇళ్లదే కాదు, ఆ పేటలో చిన్న కర్ఖానాలు, దుకాణాలు నడుపుకునే అందరిదీ. అయినా మార్చడానికి నేను ఒప్పుకోను. కారణాలు మూడు చెబుతాను.

ఒకటి, ఆ పేరులో ఉన్న సాక్ష్యం. తెలుగు పనివారి చేతులు ఈ నగరాన్ని కట్టడంలో ఉన్నాయని చెప్పే శిలాఫలకాలు బొంబాయిలో అరుదు. ఆ పేట పేరే మనకున్న శిలాఫలకం. దాన్ని మనమే పీకితే, మిగిలేది ఎవరికీ ఏమీ చెప్పని కొత్త పేరు.

రెండు, పేరు మార్చినంత మాత్రాన అర్థం మారదు. పాత పేరుకు పట్టిన మచ్చ కొత్త పేరుకు పట్టడానికి ఒక తరం చాలు. మృదూక్తులు ఎంత త్వరగా ముతకబారతాయో భాషాశాస్త్ర విద్యార్థికి వేరే చెప్పాలా?

మూడోది కొంచెం కఠినమైనది. ‘అది మేం కాదు’ అన్న తొందరలో మనం ఎవరినుంచి దూరం జరుగుతున్నామో చూసుకోవాలి. ఆ గదుల్లో బతికిన స్త్రీలలో తెలుగువారూ ఉన్నారు, తెలుగు పల్లెలనుంచే వచ్చినవారు. పనివాడి పేరును శుభ్రం చేసే పని వారిని మరింత మురికి చేసి సాధించేదయితే, మనం గెజెటీరు రాసిన దొరకంటే మెరుగు కాలేదు. అతనికి మనమంతా ఒకటిగా కనిపించాం. మనం మనలోనే కొందరిని కనిపించకుండా చేస్తున్నాం.

8

మరి చేయవలసింది ఏమిటి? జెంటూ మాట ఎలా పోయిందో గుర్తుంచుకోండి. పేరు మీద తగవుతో కాదు, పుస్తకంతో. కామాఠీకి అలాంటి పుస్తకం ఇంకా రాలేదు.

ఆ పుస్తకానికి సరుకు చాళ్లలో ఉంది. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్, శివ్డీలలో కట్టిన బీడీడీ చాళ్లలో తరాలుగా తెలుగు వినిపించింది. నేతపనివారు గిర్ణీల్లో మగ్గాల దగ్గర చేరారు. 1982 సమ్మె తరవాత ఆ గిర్ణీలు మూతపడుతూ వచ్చాయి. 2017లో చాళ్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్క చాళే నేలమట్టమై, దాని స్థానంలో బహుళ అంతస్తులు లేస్తున్నాయి. పొడుగాటి వసారాలో పది ఇళ్లవాళ్లు కలిసి మాట్లాడుకున్న భాష, తలుపు మూసుకునే ఫ్లాట్లలో అలాగే ఉండదు. పాలమూరు యాస, కరీంనగరు యాస, మరాఠీ క్రియలు, పోర్చుగీసు పగారు కలిసిన ఆ తెలుగును ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

కనుక మీకు నా సూచన. సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవారిని, నాయనమ్మనో పెదనాన్ననో, కూచోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఊరు విడిచినప్పుడు ఏ పేరుతో వచ్చారు? ఇక్కడ మిమ్మల్ని ఎవరు ఏమని పిలిచారు? మీలో మీరు ఏమని పిలుచుకున్నారు? కామాఠీ అన్నప్పుడు కోపం వచ్చిందా, రాలేదా? వారన్న మాటను వారన్నట్టే, యాస దిద్దకుండా, ‘శుద్ధ’ తెలుగు చేయకుండా రాయండి. పక్కన సంవత్సరం వేయండి. యూల్, బర్నెల్ మనకు నేర్పిన పద్ధతి అదే. వారు వినని గొంతులు మాత్రం మీ ఇళ్లలో ఉన్నాయి.